కర్త లేని పండగలు

పోయిన సంక్రాంతి సెలవుల్లో మా పాప చేసిన ఒక చిన్న పనితో ఈ వ్యాసం మొదలైంది.

పాప రెండో తరగతి. పండగకి ఇందుకూరుపేట పక్కన ఉన్న మా ఊరికి, మా అమ్మ దగ్గరికి వచ్చాం. వసారాలో బోర్లా పడుకుని ఒక బొమ్మల పుస్తకం ముందేసుకుంది. సంక్రాంతి గురించి పిల్లల కోసం వేసిన పుస్తకం. ఏడో పేజీలో ఒక అవ్వ ఉంది. ముడి, ముడిలో పూలు, నుదుట రూపాయి కాసంత కుంకుమ బొట్టు, చేతుల నిండా గాజులు. మనవరాలిని ఒళ్ళో కూర్చోబెట్టుకుని అరిసె తినిపిస్తూ ఉంటుంది. నేను వంటింట్లోంచి వచ్చేసరికి మా పాప వైట్‌నర్‌తో ఆ బొట్టును పూడ్చేసి, ఆరిందా లేదా అని వేలితో తడిమి చూస్తోంది. పూలను కూడా నల్ల స్కెచ్‌పెన్‌తో జుట్టులో కలిపేసింది.

“పుస్తకాన్ని అట్టా పాడు చేస్తారా?” అన్నాను.

“పాడు చెయ్యలా. అవ్వని చేశా,” అంది.

మా అమ్మ వచ్చి తొంగి చూసింది. నవ్వింది. “దీనికన్నా కనపడ్డా నేను,” అని పెరట్లోకి పోయింది.

ఇక్కడ ఒక సంగతి దాచకుండా చెప్పాలి. ఆ పుస్తకం రాసింది నేనే.

నాలుగేళ్ళ కిందట, పిహెచ్.డి. పట్టా చేతికొచ్చి ఉద్యోగం ఇంకా రాని రోజుల్లో, ఒక చిన్న ప్రచురణ సంస్థ వాళ్ళు అడిగితే 16 పేజీల ఆ పుస్తకాన్ని రెండు రాత్రుల్లో రాసిచ్చాను. అవ్వ నుదుట పెద్ద కుంకుమ బొట్టు పెట్టింది నా వాక్యమే. చిత్రకారుడు నేను రాసింది గీశాడు, అంతే. ఆ వాక్యం రాసేటప్పుడు పక్క గదిలో మా అమ్మ నిద్రపోతోంది. మా నాయన పోయి అప్పటికి ఇరవై ఏళ్ళు దాటింది. స్త్రీల ఆత్మకథల మీద ఆరేళ్ళు పరిశోధన చేసి, వాటిలో చెప్పకుండా వదిలేసిన సంగతుల గురించి ఒక అధ్యాయమంతా రాసినదాన్ని, పిల్లల పుస్తకం దగ్గరికి వచ్చేసరికి కన్నతల్లిని పక్కన పెట్టి, ఎక్కడో చదివిన అవ్వను తెచ్చి కూర్చోబెట్టాను.

ఎందుకిలా జరిగింది? ఈ ప్రశ్న నన్ను ఆ సెలవులంతా వదల్లేదు. నెల్లూరికి తిరిగొచ్చాక ఇంట్లో ఉన్న పండగ పుస్తకాలన్నీ తీసి ముందు పెట్టుకున్నాను. బస్టాండు దుకాణంలో కొన్నవి, పుస్తకాల ప్రదర్శనల్లో కొన్నవి, పాపకి బళ్ళో బహుమతిగా వచ్చినవి, చుట్టాలు ఇచ్చినవి. నాదానితో కలిపి 9 ఉన్నాయి. వాటి పేర్లు ఇక్కడ రాయడం లేదు. నా పేచీ ఏ ఒక్క రచయితతోనో ప్రచురణకర్తతోనో కాదు, అందరం వాడుకుంటున్న అచ్చుతో. పైగా ఆ అచ్చులో పోసిన వాటిలో నాదీ ఒకటి.

ఆ అచ్చు మీకందరికీ తెలిసిందే. ఉగాదితో మొదలై సంక్రాంతితోనో శివరాత్రితోనో ముగుస్తుంది. ఒక్కో పండగకి రెండు పేజీలు. ఎడమ పేజీలో ఆ పండగ ఎందుకు వచ్చిందో చెప్పే పురాణ కథ, కుడి పేజీలో ఆ పండగ ఎలా చేసుకుంటారో చెప్పే నాలుగు ముక్కలు. బొమ్మలో నాన్న పట్టు పంచెతో నిలబడి ఉంటాడు, అమ్మ చేతిలో పళ్ళెంతో వంటింటి గడపలో ఉంటుంది, అబ్బాయి గాలిపటం ఎగరేస్తుంటాడు, అమ్మాయి ముగ్గు దగ్గర వంగి ఉంటుంది. ఈ బొమ్మల్లోని స్త్రీ పురుష పాత్రల గురించి స్త్రీవాదులు చాలాకాలంగా మాట్లాడుతూనే ఉన్నారు కాబట్టి అక్కడ ఆగను. నన్ను ఆపింది ఆ పుస్తకాల్లోని వాక్యాలు. ముఖ్యంగా వాటి వ్యాకరణం.

ఎడమ పేజీలో, అంటే పురాణ కథలో, ప్రతి క్రియకీ ఒక కర్త ఉంటాడు. రాముడు చంపాడు, కృష్ణుడు వధించాడు, వామనుడు అడిగాడు, బలి ఇచ్చాడు. కుడి పేజీకి వచ్చేసరికి కర్తలు మాయమైపోతారు. ఇల్లు అలుకుతారు. ముగ్గులు వేస్తారు. పిండివంటలు చేస్తారు. గొబ్బెమ్మలు పెడతారు. పేరంటానికి పిలుస్తారు. ఎవరు? తెలుగులో ఇలా రాయడం ఎంత తేలికో చూడండి. క్రియలోనే పురుష, వచనం ఇమిడి ఉంటాయి కాబట్టి కర్తను చెప్పకపోయినా వాక్యానికి లోటు కనపడదు. పైగా ‘వేస్తారు’ అన్నప్పుడు ఆ వేసేది ఆడవాళ్ళో మగవాళ్ళో తెలియదు. ‘వేస్తుంది’ అంటే తెలిసిపోతుంది. 9 పుస్తకాల్లోనూ పండగ పనులకు ‘తుంది’ అన్న క్రియ వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని సార్లు కూడా లేదు. అన్నీ ‘తారు’లే. పండగంతా తనంతట తానే జరిగిపోతున్నట్టు ఉంటుంది.

పురాణ కథలో ఆడమనిషి కర్తగా వచ్చిన చోట కూడా ఆమెను కొంచెం పక్కకి జరుపుతారు. దీపావళి కథనే తీసుకోండి. పోతన భాగవతంలో నరకుడి తల తెంచేది కృష్ణుడి చక్రమే అయినా, అంతకుముందు విల్లెత్తి యుద్ధం చేసేది సత్యభామ. ఆ యుద్ధాన్ని పోతన ఎంత ఇష్టంగా రాశాడో భాగవతం చదివిన వాళ్ళకి తెలుసు. పిల్లల పుస్తకంలో అది ‘కృష్ణుడు సత్యభామతో కలిసి వెళ్ళి’ అయిపోతుంది. ‘తో కలిసి’ అన్న ఆ రెండు మాటల్లో ఒక యుద్ధమంతా పోయింది.

అలాగని ఈ పుస్తకాల్లో స్త్రీలు కర్తలుగా అసలు రారని కాదు. వస్తారు. రెండే పేర్లతో వస్తారు. అట్లతద్ది పేజీలో ‘కన్నెపిల్లలు మంచి భర్త కోసం నోము నోస్తారు’ అని ఉంటుంది. వరలక్ష్మీ వ్రతం పేజీలో ‘ముత్తైదువులు వాయనాలు ఇచ్చుకుంటారు’ అని ఉంటుంది. భర్త రాబోయేవాళ్ళు, భర్త ఉన్నవాళ్ళు. ఇల్లు అలికేటప్పుడు, పిండి దంచేటప్పుడు, కట్టెల పొయ్యి ముందు చెమటలు కక్కేటప్పుడు కర్త అక్కర్లేదు. మొగుడి పేరున చేసే పనికి మాత్రం కర్త కావాలి. ఇక మూడో మనిషికి ఈ వ్యాకరణంలో చోటే లేదు. భర్త పోయిన స్త్రీని ఏ పుస్తకమూ పనిగట్టుకుని వెళ్ళగొట్టలేదు. ‘విధవలు రాకూడదు’ అని ఈ రోజుల్లో పిల్లల పుస్తకంలో ఎవరూ రాయరు. ‘ముత్తైదువులు’ అని రాస్తారు, సరిపోతుంది. నెలసరి అని దూరంగా కూర్చున్న పదమూడేళ్ళ పిల్లకీ, పెళ్ళే వద్దనుకున్న మేనత్తకీ, మొగుడు వదిలేసిన చిన్నమ్మకీ కూడా అంతే.

నేను అవ్వకి బొట్టు ఎందుకు పెట్టానో అప్పుడు అర్థమైంది. బొట్టు లేని మనిషిని పండగ బొమ్మలో కూర్చోబెట్టడానికి నా దగ్గర వాక్యం లేదు. మా అమ్మ మా ఊళ్ళో అరిసెల పాకానికి పెట్టింది పేరు. తడిపిండి సిద్ధమయ్యాక, బెల్లం పాకం నీళ్ళ గిన్నెలో వేసి ఉండ కట్టిందో లేదో చూసి దించే ఆ ఒక్క క్షణం ఆమెకు తెలిసినట్టు ఇంకొకరికి తెలియదని, పండగకి నాలుగు రోజుల ముందు నుంచే ఈ ఇంటికీ ఆ ఇంటికీ పిలుస్తారు. అదే ఇళ్ళ వాళ్ళు గొబ్బెమ్మల పేరంటానికి ఆమెను పిలవరు. ఆమె కూడా పోదు. వీధిలో ఆడపిల్లలు గొబ్బి తడుతుంటే మా అమ్మ తలుపు ఓరగా వేసుకుని ఆ సందులోంచి చూసేది. చిన్నప్పుడు నేను ఆ తలుపును మళ్ళీ బార్లా తెరిచి తిట్లు తిన్నాను. ఊళ్ళో ప్రతి ఇంటి అరిసెలోనూ ఆమె చెయ్యి ఉంది. ‘అరిసెలు చేస్తారు’ అన్న వాక్యంలో ఆ చెయ్యి కనపడదు.

ఇదంతా రాస్తూ నా దుఃఖం దగ్గరే ఆగిపోతే అదీ తప్పే. మా అమ్మ తలుపు వెనక ఉంది కానీ ఇంటి లోపలే ఉంది. నా పుస్తకంలో ‘పేడతో గొబ్బెమ్మలు చేసి గుమ్మడిపూలు పెడతారు’ అని ఒక వాక్యం ఉంది. ఆ పేడ ఎవరు తెచ్చారు? మా చిన్నతనంలో తెల్లవారకముందే వచ్చి మా కొట్టం ఊడ్చి, గొబ్బెమ్మల కోసం మంచి పేడ వేరుగా తీసి, గంపలో పెట్టి వాకిట్లో ఉంచి పోయేది ఒక దళిత స్త్రీ. కనుమ నాడు పెరటి వైపు వచ్చి అరిసెలు కొంగులో పెట్టించుకుని పోయేది. ఆ గొబ్బెమ్మలనే నెల్లూరులో ఏటి పండగకి పెన్నలో కలిపేస్తాం. ఏటి ఒడ్డున ఆ సాయంత్రం ఎంత కళగా ఉంటుందో రాశాను. పేడ గంప గురించి రాయలేదు. బొట్టు లేని అవ్వకు నా వ్యాకరణంలో చోటు లేదని బాధపడుతున్న నేనే, ఆ గంప ఎత్తిన మనిషిని ‘చేస్తారు’ అన్న మాట కింద కప్పేశాను.

ఈ పుస్తకాలకు రుతువుల గురించి కూడా ఒక స్థిరమైన అభిప్రాయం ఉంది. సంక్రాంతి అంటే కోతలైపోయి ధాన్యం రాశులు పోసి ఉండాలి, కళ్ళం ఉండాలి, బండి మీద బస్తాలు ఉండాలి. 9 పుస్తకాల్లోనూ అదే బొమ్మ, నాదాంతో సహా. కానీ పెన్నా డెల్టాలో సంక్రాంతికి ఎక్కడి రాశులు? మాకు వానలు పడేదే ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలకు. మా పెద్ద పంటకు నాట్లు పడేది ఆ వానల్లో, ఆ తర్వాత. కోతలు మొదలయ్యేసరికి ఫిబ్రవరి దాటి మార్చి వస్తుంది. భోగి నాడు మైపాడు రోడ్డు మీద బస్సులో వెళ్తే రెండు పక్కలా కనిపించేది పచ్చటి పైరు. అందులో వంగి కలుపు తీస్తున్న ఆడవాళ్ళు. ఒక్కో ఏడు ఆలస్యమైతే నాట్లే వేస్తుంటారు. కృష్ణా, గోదావరి జిల్లాల పండగ పేజీని మేము మా పండగ అనుకుని పిల్లలకి చదివి వినిపిస్తున్నాం. ‘పంట చేతికొస్తుంది’ అన్న వాక్యం ఎంత బాగుంటుందో! ఆ చెయ్యి ఎవరిదో అడగడానికి ముందు, అసలు ఆ నెలలో మా దగ్గర పంటే రాదని గమనించాలి. ఆ బొమ్మ నిజం చెప్పి ఉంటే అందులో ధాన్యం రాశి ముందు మీసం మెలేసే రైతు ఉండడు. మోకాటి లోతు బురదలో వరసగా వంగి ఉన్న స్త్రీలుంటారు.

ఇంకొంచెం తూర్పుకి పోతే సముద్రం. మైపాడు, కృష్ణపట్నం, జువ్వలదిన్నె వైపు మత్స్యకారుల ఊళ్ళకు మరో లెక్క ఉంది. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని ప్రభుత్వం పెట్టిన నియమం. ఆ రెండు నెలలూ తట్ట నెత్తిన పెట్టుకుని ఊరూరా తిరిగి చేపలమ్మే ఆడవాళ్ళకు బేరం పడిపోతుంది. వాళ్ళ పిల్లలకు వేసవి సెలవులంటే ఇంట్లో డబ్బులాడని కాలం. గంగమ్మకు, పోలేరమ్మకు వాళ్ళు చేసే కొలుపులు మన పండగ పుస్తకాల్లో ఏ నెల కిందా కనపడవు. రొయ్యల గుంటల గట్ల మీద గుడిసె వేసుకుని కాపలా ఉండే యానాది కుటుంబాల పిల్లలు అదే బళ్ళో అదే పుస్తకాన్ని బహుమతిగా పుచ్చుకుని, అందులోని పట్టు లంగా అమ్మాయిని చూసి ఏమనుకుంటారో నేను ఇంతవరకూ ఎవరినీ అడగలేదు. అడగకుండానే వాళ్ళ కోసం కూడా పుస్తకం రాశాను.

ఇక ఈ 9 పుస్తకాల్లో ఒక్కదానిలోనూ లేని పండగ, నెల్లూరు పిల్లలందరికీ తెలిసిన పండగ, రొట్టెల పండగ. మొహర్రం సమయంలో బారాషహీద్ దర్గా దగ్గర, స్వర్ణాల చెరువులో జరుగుతుంది. 2015లో ప్రభుత్వం దాన్ని రాష్ట్ర పండగగా ప్రకటించింది. లక్షల మంది వస్తారు. అయినా పండగల పుస్తకంలోకి రాలేదు. ఎందుకని ఆలోచిస్తే ఒక కారణం తేలిగ్గానే తెలుస్తుంది. అది ముస్లింల దర్గా. మన ‘తెలుగువారి పండగలు’ అన్న మాట చుట్టూ ఉన్న కంచె ఎలాంటిదో అందరికీ తెలుసు. మహా అయితే చివరి పేజీలో రంజాన్, క్రిస్మస్ పక్కపక్కనే చెరో సగం పేజీ పంచుకుంటాయి. రెండో కారణం, ఆ పండగ ఒక రుతువులో కుదురుగా కూర్చోదు. చాంద్రమాన సంవత్సరం 11 రోజులు తక్కువ కాబట్టి ఏటికేడు ముందుకి జరుగుతూ, దాదాపు 33 ఏళ్ళకు అన్ని కాలాలూ చుట్టి వస్తుంది. 1992లో జులైలో వచ్చింది, మళ్ళీ 2025లో జులైలో వచ్చింది. ఎండలోనూ, వానలోనూ, చలిలోనూ వచ్చే పండగను ఏ నెల పేజీలో పెడతారు?

ఆ పండగలో జరిగేది ఏమిటో తెలియని వాళ్ళ కోసం చెప్తాను. చెరువు నీళ్ళలో దిగి నిలబడి రొట్టెలు మార్చుకుంటారు. ఒక్కో రొట్టెకీ ఒక్కో కోరిక పేరు. పెళ్ళి రొట్టె, సంతానం రొట్టె, చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె, ఇంటి రొట్టె, ఆరోగ్యం రొట్టె, ఈ మధ్య విదేశాల రొట్టె కూడా. కోరిక ఉన్నవాళ్ళు ఆ రొట్టెను అడిగి తీసుకుంటారు. తీరినవాళ్ళు మరుసటేడు అదే రొట్టెను చేసి తెచ్చి, అది కావలసిన ఇంకొకరికి ఇస్తారు. దీని పుట్టుక గురించి చెప్పుకునే కథల్లో ఒకటి చాలా ప్రచారంలో ఉంది. చెరువు దగ్గర నిద్రపోయిన చాకలి దంపతుల్లో భార్యకు ఆ అమరులు కలలో కనిపించి, తమ సమాధుల దగ్గరి మట్టితో ఆర్కాటు నవాబు భార్య జబ్బు నయమవుతుందని చెప్పారట. నయమయ్యాక నవాబు దంపతులు వచ్చి మొక్కు తీర్చుకున్నారట. పిల్లల పుస్తకాల అచ్చులో పోస్తే ఈ కథ నవాబు కథ అయిపోతుందని నా భయం. కల వచ్చింది చాకలామెకు. జబ్బు వచ్చింది ఇంకొక స్త్రీకి. 

మా నాయన 1997లో పోయాడు. మరుసటేడు మే నెలలో, రొట్టెల పండగకి, మా అమ్మ నన్ను తీసుకుని నెల్లూరు వచ్చింది. నాకు తొమ్మిదేళ్ళు. ఏడాది తర్వాత ఆమె ఒక పండగకి బయటికి రావడం అదే మొదలు. ఎండ మండిపోతోంది. నీళ్ళలో ఆడవాళ్ళందరూ నెత్తిన కొంగు కప్పుకుని ఉన్నారు. మా అమ్మా కప్పుకుంది. “చదువు రొట్టె ఎవరి దగ్గరన్నా ఉందామ్మా?” అని అడుగుతా మోకాటి లోతు నీళ్ళలో తిరిగింది. మనిషి గొంతు పెద్దదిగా వినపడి నేను ఆశ్చర్యపోయాను. ఇంట్లో ఆమె అప్పటికి గుసగుసగా తప్ప మాట్లాడడం మానేసింది. ఎవరో ఒకామె, “ఇందామ్మా, మా పిల్ల టీచరు ట్రైనింగులో చేరింది,” అని ఇచ్చింది. ఆమె ఏ మతమో, ఏ కులమో, ఏ ఊరో మేము అడగలేదు. ఆమె మా అమ్మ నుదుటి వైపు చూడలేదు. నేను పదో తరగతి ఫస్టు క్లాసులో పాసయ్యాక 2005 ఫిబ్రవరిలో మా అమ్మ రొట్టెలు చేసి తీసుకుపోయి, కూతురి కోసం అడుగుతున్న ఒకామెకు ఇచ్చి వచ్చింది.

దీన్ని నేను అందంగా చేసి చూపించదలుచుకోలేదు. సంతానం రొట్టె అడిగే వాళ్ళలో కొడుకు కోసం అడిగేవాళ్ళే ఎక్కువగా నాకు వినపడ్డారు. పెళ్ళి రొట్టె కింద దాగిన కట్నాల భయం ఎంతో చెప్పక్కర్లేదు. ఇంటిల్లిపాది కోరికల బరువూ మోసుకుని నీళ్ళలో దిగేది ఇక్కడా ఎక్కువగా ఆడవాళ్ళే. ‘మతసామరస్యానికి ప్రతీక’ అని పత్రికలు ఏటా రాసే వాక్యం మీద కూడా నాకు అనుమానమే. అదీ కర్త లేని వాక్యమే. ఎవరు ఎవరితో సామరస్యంగా ఉన్నారు? ఆ దర్గా చుట్టుపక్కల ఏడాది పొడుగునా బతికే ముస్లిం స్త్రీల సంగతి ఆ వాక్యంలో రాదు. అయినా పిల్లల పుస్తకం రాసే మనిషిగా ఆ నీళ్ళ దగ్గర నాకొక పాఠం దొరికింది. అక్కడ ‘రొట్టెలు మార్చుకుంటారు’ అని ఊరుకుంటే ఏమీ తెలియదు. ఇచ్చే మనిషి ఉండాలి, అడిగే మనిషి ఉండాలి, ఆ రొట్టెకి ఒక పేరుండాలి. అప్పుడే అది పండగ.

కర్తలున్న పుస్తకాలు మనకు లేవా? ఉన్నాయి. మా జిల్లా కావలి నుంచే మహమ్మద్ ఖదీర్‌బాబు ‘దర్గామిట్ట కతలు’, ‘పోలేరమ్మబండ కతలు’ రాశాడు. పిల్లల కోసమని వేసినవి కాకపోయినా, ఒక పేద ముస్లిం ఇంట్లో పండగ పూట ఎవరు ఏం చేశారో, ఎవరికి ఏం దక్కిందో వాటిలో తెలిసినట్టు ఏ పండగ పుస్తకంలోనూ తెలియదు. హైదరాబాదులోని అన్వేషి స్త్రీల అధ్యయన కేంద్రం 2008లో తెచ్చిన పిల్లల కథల వరసలో ఖదీర్‌బాబు తలకాయ కూర కథతో పాటు గోగు శ్యామల కథలు కూడా వచ్చాయి. దళిత, ముస్లిం ఇళ్ళ పిల్లలు బొమ్మల పుస్తకంలో తమ ఇంటిని చూసుకునే వీలు వాటితో కలిగింది. ఆ పని ఆ తర్వాత రావలసినంత ముందుకు రాలేదనిపిస్తుంది. ఇంకొకటి కూడా గమనించాలి. మా ప్రాంతపు బాల్యాన్ని, ఖదీర్‌బాబు గానీ చిత్తూరు వైపు నామిని గానీ అంత బాగా చెప్పినప్పుడు, అక్కడ మాట్లాడేది మగపిల్లవాడు. వాడు పండగ పూట ఊరంతా తిరగగలడు. వంటింటి పొగలోంచి, ఓరగా వేసిన తలుపు సందులోంచి పండగను చూసిన ఆడపిల్ల గొంతు కోసం నేనింకా వెతుకుతున్నాను.

‘చిన్నపిల్లల పుస్తకాల్లో ఇంత బరువెందుకు? వాళ్ళని సంతోషంగా ఉండనివ్వండి’ అని నా స్నేహితురాలు ఒకామె అంది. నిజమే, పండగంటే పిల్లలకు కొత్త బట్టలు, అరిసెలు, సెలవులు. అవి తీసేసి ఉపన్యాసం పెట్టమని నేను అనడం లేదు. కానీ పుస్తకంలో ఒక కర్త పేరు చేరితే ఏం జరుగుతుందో మా జిల్లా ఒకసారి చూసింది. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో అక్షరదీపం పేరుతో సాక్షరతా ఉద్యమం జరిగింది. కూలిపని నుంచి వచ్చిన ఆడవాళ్ళు రాత్రిపూట లాంతర్ల ముందు చదువుకున్న వాచకంలో ‘సీతమ్మ కథ’ అని ఒక పాఠం. మొగుడి తాగుడుకు నలిగిపోయిన ఒక పేదింటి ఆడమనిషి కథ. ‘తాగుడు వల్ల సంసారాలు పాడవుతాయి’ అని అంతకుముందు ఎన్ని గోడల మీద రాశారో. ఎవరి సంసారం? సీతమ్మది అని పుస్తకం చెప్పేసరికి, ఇది మా కథే అన్నారు చదివినవాళ్ళు. 1992లో కలిగిరి దగ్గర దూబగుంటలో స్త్రీలు సారా అంగడి మూయించారు. దూబగుంట రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. 1993 ఏప్రిల్ 15న జిల్లాలో, అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధాన్ని 1997లో ఎత్తేశారన్నదీ మరిచిపోకూడదు. ఒక్క పాఠమే అంత చేసిందని చెప్పడం అతిశయోక్తి అవుతుంది. ఆ ఆడవాళ్ళ కోపం పాఠానికి ముందే ఉంది. పాఠం ఆ కోపానికి ఒక మనిషి పేరు పెట్టింది.

పిల్లలకూ అంతే. మా పాపకి వైధవ్యం గురించి ఎవరూ పాఠం చెప్పలేదు. పుస్తకంలో అవ్వకూ ఇంట్లో అవ్వకూ ఎక్కడ తేడా ఉందో అదే కనిపెట్టి, దానికి చేతనైన విధంగా దిద్దింది. దిద్దినప్పుడు అది ఏడవలేదు. చాలా సంతోషంగా చేసింది.

ఈ మధ్య ఆ ప్రచురణ సంస్థ వాళ్ళు పుస్తకాన్ని మళ్ళీ వేస్తున్నాం, మార్పులేమన్నా ఉంటే పంపమన్నారు. నేను కూర్చుని అన్ని క్రియల పక్కనా పెన్సిలుతో ‘ఎవరు?’ అని రాసుకుంటూ పోయాను. 16 పేజీల్లో 41 ప్రశ్నలయ్యాయి. ధాన్యం రాశి తీసేసి పచ్చటి పైరు పెట్టమని చిత్రకారుడికి రాశాను. పేడ గంప తెచ్చిన ఆమెను వాకిట్లోకి తెచ్చాను. ఆమెకు పేరు పెట్టేటప్పుడు, చిన్నప్పుడు మేము పిలిచిన పేరుకి చివర ‘అమ్మ’ చేర్చాను. ఆ రోజుల్లో మేము చేర్చేవాళ్ళం కాదు. రొట్టెల పండగ ఈ పుస్తకంలో ఇమడదు, దానికి వేరే పుస్తకం కావాలి.

ఏడో పేజీ దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆడలేదు. మా అమ్మకి ఫోన్ చేసి, అవ్వను తలుపు సందులోంచి చూస్తున్నట్టు రాయనా అని అడిగాను. అది నిజం కదా అని నా ఉద్దేశం.

“అదెందుకే? నేను చూసి ఏడస్తా ఉన్నట్టు బిడ్డలకి చూపిస్తావా?” అంది. “పాకం పడతా ఉన్నట్టు రాయి. నీళ్ళలో ఉండ కట్టిందా లేదా చూస్తా ఉన్నట్టు. చుట్టూరా నలుగురూ నేనెప్పుడు దించమంటానా అని నిలబడి ఉన్నట్టు.”

అలాగే రాశాను. ‘పాకం అవ్వ పడుతుంది’ అని ఉంది ఇప్పుడు ఆ వాక్యం. బొమ్మలో అవ్వ నుదుట బొట్టు ఉండకూడదని కింద విడిగా గమనిక రాసి పంపాను. ప్రచురణ సంస్థ నుంచి ఇంకా జవాబు రాలేదు. పండగ పేజీలో బోసి నుదురు బాగుండదని వాళ్ళు అనవచ్చు. అప్పుడు మా పాప దిద్దిన పేజీని పంపిస్తాను.